ఏ ఊళ్లో ఉన్నానో తెలీదండీ

వలసల మీద పరిశోధన చేద్దామనుకునే పిల్లలు అప్పుడప్పుడూ నాకు ఫోను చేస్తుంటారు. ఏ పుస్తకాలు చదవాలి, ఏ యూనివర్సిటీలో చేరాలి, మ్యాపులు గీయడానికి ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని అడుగుతారు. వాటికి నాకన్నా బాగా జవాబు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఈ ఉద్యోగంలో రోజులు ఎలా గడుస్తాయి, ఎవరితో గడుస్తాయి, ఎవరూ లేకుండా ఎలా గడుస్తాయి అన్నది. ఫోనులో అది చెప్పడం కుదరదు కాబట్టి రాస్తున్నాను.

నా పేరు నిర్మల. ముదినేపల్లి దగ్గర పల్లెలో పుట్టాను. నాన్న బడిపంతులు. నేను భూగోళశాస్త్రం చదివి, ఒక యూనివర్సిటీలో అదే పాఠం చెప్పి రిటైరయ్యాను. నా పరిశోధన అంతా దేశం దాటి వెళ్లే మనుషుల గురించి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్తున్నారు, ఎందుకు వెళ్తున్నారు, తిరిగొస్తే ఎక్కడికి వస్తున్నారు అన్నదే నా పని. మొన్నటిదాకా మచిలీపట్నంలో నేను అద్దెకున్న ఇంటి కిందివాళ్లకి ఇది ఎన్నిసార్లు చెప్పినా అర్థమయ్యేది కాదు. భూగోళం మేడమ్ కదా అని, మనవరాలి క్విజ్ పోటీ కోసం మంగోలియా రాజధాని అడిగేవారు. చెప్పేదాన్ని.

దివిసీమ బస్సు

నేను చేరిన రోజుల్లో మా డిపార్టుమెంటులో వలసల మీద పనిచేసే వాళ్లందరూ గుడివాడ చుట్టుపక్కలే తిరిగేవారు. అక్కడ డాక్టర్లుగా, ఇంజనీర్లుగా విదేశాలు వెళ్లినవాళ్ల కుటుంబాలు ఉంటాయి. కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. అడిగినదానికి జవాబు చెబుతారు. అడగనిది కూడా చెబుతారు. నేను దివిసీమ తీసుకున్నాను. అక్కడి నుంచి ఆడవాళ్లు గల్ఫ్ దేశాల్లో ఇంటిపనికి వెళ్తారు. వాళ్ల గురించి రాసినవాళ్లు తక్కువ.

ఎందుకు తక్కువో మొదటి నెలలోనే తెలిసింది. అక్కడ ఎవరూ చెప్పరు. "మీ కోడలు ఎక్కడుందండీ?" అంటే "హైదరాబాదులో" అంటారు. రెండోసారి వెళ్తే "బొంబాయిలో". మూడోసారో నాలుగోసారో, మనం అడగకుండా ఊరికే కూర్చుని వాళ్లతోపాటు చిక్కుడుకాయలు తుంచుతుంటే, "కువైట్ నుంచి ఫోన్ చేసిందండీ మొన్న" అంటారు. అందుకని ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట, తొందరపడే స్వభావం ఉంటే వేరే పని చూసుకోండి.

అవనిగడ్డలో ఒక లాడ్జిలో దిగేదాన్ని. పొద్దున్నే బస్సు ఎక్కి నాగాయలంక వైపో కోడూరు వైపో వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చి, మెస్సులో భోంచేసి, రాసుకుని పడుకునేదాన్ని. ఏ ఇంటికి వెళ్లినా ముందు వాళ్లే నన్ను అడిగేవారు. "మీవారేం చేస్తారండీ?" నేను పెళ్లి చేసుకోలేదు. "లేరండీ" అనేదాన్ని. పోయారని అనుకుని "అయ్యో" అని చెయ్యి పట్టుకునేవారు. మొదట్లో సరిదిద్దేదాన్ని. సరిదిద్దితే ఆ చెయ్యి వదిలేసేవారు. తర్వాత సరిదిద్దడం మానేశాను.

మా హెడ్డు

మా డిపార్టుమెంటు హెడ్డు శేషగిరిరావు గారు గొప్ప పండితుడు. మ్యాపు మీద బాణం గీయడంలో ఆయన్ని మించినవాళ్లని నేను చూడలేదు. ఎక్కువమంది వెళ్తే లావు బాణం, తక్కువమంది వెళ్తే సన్న బాణం. ఆ మ్యాపు చూస్తే ఒక జిల్లా అంతా గాలికి ఒకవైపు వంగినట్టు కనిపించేది. ఊరు చూడకుండా దాని గురించి ఒక్క వాక్యం కూడా రాయనిచ్చేవారు కాదు. ఆ క్రమశిక్షణ ఆయన పెట్టిందే. అందుకు ఇవాళ్టికీ ఆయనకి రుణపడి ఉన్నాను.

కానీ ఆయన ఊరు చూసేవారు, ఇల్లు చూసేవారు కాదు. జీపు దిగి రెవెన్యూ ఆఫీసుకి వెళ్లి, మళ్లీ జీపెక్కేవారు. నేను ఒకసారి రిపోర్టులో ఒకామె పేరు రాస్తే కొట్టేశారు. "పేరు రాస్తే అది కథమ్మా నిర్మలా. సంఖ్య రాస్తే శాస్త్రం" అన్నారు. అందులో సగం నిజం ఉంది. ఒకరికి జరిగింది అందరికీ జరిగినట్టు రాయకూడదు. మిగతా సగం గురించి నాకు సందేహం వచ్చింది సువార్త అనే ఒక పిల్ల వల్ల.

కృపమ్మ చెల్లెలు

నాగాయలంక దాటాక ఒక పల్లెలో కృపమ్మ ఉండేది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. వాళ్ల అమ్మానాన్నలు ఉప్పెనలో పోయారు. అప్పటికి కృపమ్మ చిన్నపిల్ల, చెల్లెలు సువార్త చంటిబిడ్డ. చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది. తను పెళ్లి చేసుకోలేదు గానీ చెల్లెలికి చేసింది. కట్టుకున్నవాడు కొన్నాళ్లుండి ఎటో వెళ్లిపోయాడు. పిల్లల్లేరు. సువార్త ఒక ఏజెంటుని పట్టుకుని దుబాయ్ వెళ్లింది.

ఇది చేతిలో ఫోనుకి మ్యాపులు రాని కాలం నాటి మాట. నేను ఆ ఊరు వెళ్లిన ఒక మధ్యాహ్నం కృపమ్మ నన్ను వీధిలోనే ఆపింది.

"మేడమ్ గారూ, మీరు దేశాలు చదివారంట గదా. మా చెల్లి ఎక్కడుందో చెప్పండి."

"దుబాయ్ అన్నావు గదా కృపమ్మా?"

"అది కాదంటందండీ. ఏ ఊళ్లో ఉన్నానో తెలీదక్కా అని ఏడుస్తంది."

సంగతేమిటంటే, సువార్త దుబాయ్‌లో విమానం దిగింది నిజమే. అక్కడి నుంచి కారులో ఎక్కించుకుని చాలాసేపు తీసుకెళ్లారు. దారిలో నిద్రపోయింది. దిగాక పాస్‌పోర్టు తీసేసుకుని ఒక ఇంట్లో పెట్టారు. గేటు దాటనివ్వరు. ఫోను లేదు. చెయ్యి కాలిందని ఒకసారి అంది, ఎలా కాలిందో చెప్పలేదు. పక్కింట్లో శ్రీలంక ఆమె ఒకతె పనిచేస్తుంది. రెండు మేడలూ దాదాపు ఆనుకుని ఉంటాయి. శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్లు మసీదుకి వెళ్లినప్పుడు, బట్టలు ఆరేసే నెపంతో మేడెక్కితే, ఆమె పిట్టగోడ మీదుగా తన ఫోను ఇస్తుంది. ఆ కాసేపే మాట్లాడటం. ఏజెంటు ఫోను పని చేయడం లేదు.

అక్కడి మన ఎంబసీకి నేనే ఫోను చేశాను. అక్కడ మాట్లాడినాయన మంచివాడే. "అడ్రసు లేకపోతే పోనీ, ఏ దేశమో చెప్పండమ్మా. దేశం కూడా తెలియకుండా ఎవర్ని పంపమంటారు?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

మేడ మీద నుంచి ఏం కనిపిస్తుంది

తర్వాతి శుక్రవారం కృపమ్మ ఇంటికి వెళ్లాను. ఇంట్లో సిగ్నల్ అందదు, కాలవ గట్టు మీద అందుతుంది. ఇద్దరం అక్కడ నిలబడ్డాం. ఫోను మోగింది. కృపమ్మ ఏడుపు ఆపుకుని నా చేతికిచ్చింది.

"సువార్తా, నేను మీ అక్కకి తెలిసినదాన్ని. టైం లేదు, అడిగినవి చెప్పమ్మా. మేడ మీద నుంచి ఏం కనిపిస్తుంది?"

"సముద్రం అవుపడతందండీ."

"సూర్యుడు పొద్దున సముద్రం వైపు నుంచి వస్తాడా, సాయంత్రం సముద్రంలోకి దిగుతాడా?"

ఆ పిల్లకి నా ప్రశ్న వింతగా తోచి ఉంటుంది. "పొద్దున వస్తాడండీ. మన మంగినపూడిలో లాగానే."

దుబాయ్ తీరం పడమటి వైపుకి ఉంటుంది. అక్కడ సూర్యుడు సముద్రంలో అస్తమిస్తాడు. కాబట్టి ఈ పిల్ల దుబాయ్‌లో లేదు.

"వెనక్కి తిరిగితే ఏముంది?"

"కొండలండీ, దూరంగా. బెజవాడ కొండల్లాగా. కాపోతే చెట్టన్నది ఒక్కటి లేదు."

ఫోను కట్టయింది.

తూర్పున సముద్రం, పడమట బోడి కొండలు. కువైట్‌లో, ఖతర్‌లో తూర్పున సముద్రం ఉంది గానీ కొండలు లేవు. దుబాయ్ నుంచి కారులో వెళ్లగలిగేంత దూరంలో ఇలాంటి తీరం ఒక్కటే ఉంది. అందులో పైభాగం దుబాయ్ ఉన్న దేశానిదే, కిందిది ఒమాన్. ఏ దేశమో తేలాలి. వారమంతా ఎదురుచూశాను. క్లాసులో ఏం చెప్పానో నాకు తెలియదు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. "ఇంటివాళ్ల కారు నంబరు ప్లేటు ఏ రంగు?"

"పసుపండీ."

ఒమాన్. అవతలి దేశంలో సొంత కార్లకి ఆ రంగు ప్లేటు ఉండదు. ఈసారి ఎంబసీలో చెప్పడానికి నా దగ్గర ఒక దేశం పేరుంది. కానీ ఆ తీరం చాలా పొడుగు. ఇంకా అడిగాను. సముద్రం వైపు నిలబడితే ఎడం చేతి వైపు చాలా దూరంగా పొగగొట్టాలు కనిపిస్తాయంది. కుడి చేతి వైపు తెల్లటి కోట ఒకటి ఉందంది. ఇంటికి వచ్చి నా దగ్గరున్న మ్యాపులన్నీ పరిచాను. పైన కొత్త రేవు, ఫ్యాక్టరీలు. కింద తెల్ల కోట. సోహార్ అనే ఊరు. ఆ రెంటికీ మధ్య సముద్రపు ఒడ్డున ఉండే ఇళ్లలో ఏదో ఒకటి.

చెబితే అతిశయోక్తి అనుకుంటారేమో గానీ, నా పని ఎందుకు చేస్తున్నానో నాకు పూర్తిగా తెలిసింది ఆ వారాల్లోనే.

సోహార్ రేవులో పనిచేసే మనవాళ్లు కొందరు ఒక గదిలో కలిసి ప్రార్థన చేసుకుంటారని కృపమ్మ వాళ్ల పాస్టరు గారు కనుక్కున్నారు. వాళ్లలో ప్రకాశం అనే క్రేన్ ఆపరేటరు మచిలీపట్నం వాడు. శుక్రవారం అతనికి సెలవు. కారులో ఆ ఒడ్డు వెంట తిరుగుతానన్నాడు. "ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి మేడమ్ గారూ. గుర్తేంటి మరి?"

గుర్తు కృపమ్మ చెప్పింది. "నేనిచ్చిన నెమలికంఠం రంగు చీర ఉంది దాని దగ్గర. అక్కడ కట్టుకోనివ్వరంట. ఉతికి గోడ మీద ఆరెయ్యమనండి."

ఆ మాట ఫోనులో చెప్పాం. పై శుక్రవారం సువార్త ఆరేసింది. ఆ మధ్యాహ్నం గట్టు మీద మేమిద్దరం ప్రకాశం ఫోను కోసం నిలబడి ఉన్నాం. ఎండ మాడుస్తోంది. కృపమ్మ నా భుజం పట్టుకుని వదల్లేదు.

"మేడమ్ గారూ, అవుపడింది," అన్నాడు ప్రకాశం. "మన చీరేనండీ. గోడ మీద నుంచి సగం కిందికి వేలాడతంది. ఇక్కడ ఇంకెవరూ అట్టా ఆరెయ్యరు."

ఆ తర్వాతిదంతా ఎంబసీ వాళ్లు, అక్కడి పోలీసులు చేశారు. కొన్ని వారాలు పట్టింది. హైదరాబాదు విమానాశ్రయానికి కృపమ్మా నేనూ వెళ్లాం. సువార్త ఒక ప్లాస్టిక్ సంచీతో బయటికి వచ్చింది. అక్కని పట్టుకుని చాలాసేపు ఏడ్చి, తర్వాత నా వైపు చూసింది. "గొంతు విని బాగా పొడుగు మనిషనుకున్నానండీ. ఇంతే ఉన్నారే!" అంది. ముగ్గురం నవ్వాం.

యూనివర్సిటీకి తిరిగొచ్చి శేషగిరిరావు గారికి అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. "మంచి పని చేశావు. కానీ దీన్ని ఏ పట్టికలో పెడతావు?" అన్నారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. నేను దాన్ని ఎక్కడా ప్రచురించలేదు. డిపార్టుమెంటులో దాని గురించి మాట్లాడుకోవడానికి ఇంకెవరూ లేకపోయారు.

తిరిగొచ్చినవాళ్లు

కథ అక్కడ ఆగిపోతే ఈ వ్యాసం రాయనక్కర్లేదు. వలస గురించి చదివేవాళ్లం మనిషి తిరిగొచ్చిందని రాసి పెన్ను మూసేస్తాం. నేనూ అలాగే చేసేదాన్ని.

ఏడాది గడవకుండానే కృపమ్మ కబురు చేసింది. వెళ్లేసరికి గుమ్మంలోనే అందుకుంది. "మళ్లీ పోతానంటందండీ. మస్కట్ అంట. మీరు చెబితే ఇంటది. ఆపండి."

సువార్త లోపల బియ్యం కడుగుతోంది. నేను పీట లాక్కుని కూర్చున్నాను. "ఎందుకమ్మా?" అన్నాను.

బియ్యం నీళ్లు వంపింది. "చర్చిలో ప్రతి ఆదివారం నన్ను లేపి, దేవుడు ఎట్టా కాపాడాడో సాక్ష్యం చెప్పమంటారండీ," అంది. "షెడ్డులోకెళ్తే కాలిన చెయ్యి చూపించమంటారు. పెళ్లిళ్లకెళ్తే పక్కన కూర్చున్నోళ్లు గుసగుసలు. అక్క పొద్దున లేచిన కాడి నుంచి నన్నే చూస్తా ఉంటది, మళ్లీ యాడికన్నా పోతానేమోనని. నేను ఈ ఊళ్లో సువార్తని కాదండీ ఇప్పుడు, తప్పించుకొచ్చిన మనిషిని."

"అక్కడ మళ్లీ అలాగే అయితే?"

"ఈసారి కేరళ డాక్టర్లండీ. మన వైపు ఆమె ఒకతె వాళ్లింట్లో పని చేసి వచ్చింది, ఆమే చెప్పింది. నేను వాళ్లతో ఫోన్లో మాట్లాడా. నేను వెళ్తే తప్పాండీ?"

నేను కృపమ్మ వైపు చూశాను. తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఆపమని చెప్పడం నాకు చాలా తేలిక. చెబితే ఆ పిల్ల ఆగేది కూడా. "తప్పు కాదు," అన్నాను. "కానీ ఈసారి ఎక్కడికి వెళ్తున్నావో తెలిసి వెళ్లు."

మర్నాడు మ్యాపు పట్టుకెళ్లి నేల మీద పరిచాను. మస్కట్ ఎక్కడ, ఆ ఇల్లు ఏ పేటలో, ఎంబసీకి ఏ రోడ్డు, ప్రకాశం ఎక్కడుంటాడు, అన్నీ వేలు పెట్టి చూపించాను. సువార్త అన్నీ మళ్లీ నాకు అప్పజెప్పింది. నేను తప్పు కాదన్నప్పటి నుంచి కృపమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. నేను చెప్పులు వేసుకుంటుంటే మాత్రం అంది. "ఇంక మా ఇంటికి రాకండి మేడమ్ గారూ."

వెళ్లలేదు. దివిసీమలో వేరే ఊళ్లకి వెళ్లాను, ఆ ఊరు మాత్రం బస్సులోంచి చూసేదాన్ని. సువార్త మస్కట్‌లో బాగానే ఉంది. ఆ డాక్టర్ల పిల్లల్ని పెంచింది, వాళ్లు పెద్దవాళ్లయ్యాక అదే ఇంట్లో వంట చేస్తోంది. పండక్కో, తోచనప్పుడో నాకు ఫోను చేస్తుంది. నేను చెప్పింది సరైనదేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కానీ కృపమ్మ కోపం సరైనది కాదని ఎప్పుడూ అనుకోలేదు. మనం చదివేది వెళ్లేవాళ్ల బాణాన్ని. ఆ బాణం బయల్దేరిన చోట ఎవరో ఒకరు అలా నిలబడే ఉంటారు.

రిటైరయ్యాక

జీవితమంతా మనుషుల్ని వాళ్ల కుటుంబాల గురించి అడిగిన నాకు, రిటైరయ్యేసరికి వెళ్లడానికి ఒక ఇల్లంటూ లేదు. పుట్టిన జిల్లా కదా అని మచిలీపట్నం వచ్చాను. ఆదివారం చర్చి, మిగతా రోజులు కూరగాయలు, పేపరు, టీవీ. ఫోను మోగితే బ్యాంకు వాళ్లో, పరిశోధన పిల్లలో. సాయంత్రాలు బాల్కనీలో కూర్చుంటే కిందివాళ్ల మాటలు వినిపించేవి. వాళ్ల ఇంట్లో గొడవలన్నీ నాకు తెలుసు. నా సంగతి వాళ్లకి తెలియదు.

ఈమధ్య సువార్త ఫోను చేసింది. "అక్కకి కళ్లు ఆనట్లేదంటండీ. ఆపరేషనంటే వద్దంటంది. చూసేవాళ్లు లేరు. మీరొకసారి వెళ్తారా?"

"నన్ను రానిస్తుందా?"

"ఏమోనండీ. వెళ్లండి."

వెళ్లాను. కృపమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లబడింది. "కృపమ్మా" అన్నాను. తలెత్తింది గానీ చూపు నా మీద నిలవలేదు. గొంతు గుర్తుపట్టింది.

"ఎందుకొచ్చారు?"

"కళ్లు చూపిద్దామని."

"దాన్ని పంపించారు గదా, అది చూపించుద్ది లెండి."

నేను పక్కన కూర్చున్నాను. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ఆఖరి బస్సు టైముకి తనే లేచి, "చీకటి పడుద్ది, నడవండి," అని తన సంచీ తీసుకుంది.

మచిలీపట్నంలో ఆపరేషను చేయించాను. కట్టు విప్పి, చుక్కల మందు అయ్యేదాకా నా దగ్గరే ఉంది. సువార్త మాట ఇద్దరం ఎత్తలేదు. పొద్దున్నే లేచి రెండు గ్లాసుల్లో టీ పోయడం నాకు కొత్త. చూపు వచ్చాక ఆమె చేసిన మొదటి పని, నా వంటింటి గట్టు మూలల్లో ఉన్న మురికి చూసి నన్ను తిట్టడం. తర్వాత బస్సెక్కి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, కిందివాళ్లని టీవీ పెట్టమని వెళ్లి అడుగుదామా అనిపించింది.

కొన్నాళ్లకి కృపమ్మే ఫోను చేసింది. "పక్క వాటా ఖాళీ అయింది. రెండు గదులు. నీళ్లు బానే వస్తాయి," అంది. రమ్మని అనలేదు. పెట్టేసింది.

ఆలోచించాను. నా వాళ్లెవరూ లేని ఊరికి, ఈ వయసులో. ఆసుపత్రి దూరం. భయమేసింది. ఈ భయం గురించి ఎంతమందినో అడిగి రాసుకున్నాను గానీ, అది కడుపులో ఎక్కడ ఉంటుందో నాకు అంతదాకా తెలియదు.

పోయిన నెలలో ట్రాలీ ఆటోలో సామాను వేయించుకుని వెళ్లాను. ఆటో ఆగగానే వీధిలో ఆడవాళ్లు చేరారు. ఒకామె ముందుకొచ్చి అడిగింది. "ఏ ఊరండీ మీది? ఎందుకొచ్చారు ఇక్కడికి? మీవాళ్లెవరన్నా ఉన్నారా?"

నేను వేలమందిని అడిగిన ప్రశ్నలే.

కృపమ్మ అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట మీద నుంచి తలెత్తలేదు.

"నా చెల్లెల్ని వెతికిపెట్టింది ఈవిడే," అంది. "మళ్లీ పంపించింది కూడా ఈవిడే. ఇంక ఇక్కడే ఉంటది. తలా ఒక చెయ్యెయ్యండి, మంచం దింపాలి."